పొగమంచు పట్నంలో మూడో నియమం

పెదవి దాటితే పృథివి దాటుతుందని సామెత. నోరు జాగ్రత్త అని చెప్పడానికి పుట్టిన సామెత అది. మన అద్దాలాయన విషయంలో మాత్రం ఎందుకూ కొరగాదు. ఆయన మాటకి పెదవి దాటడమే పెద్ద ప్రయాణం. అదొక్కటీ దాటితే పృథివి ఎంతసేపు.

ఆయనకి నత్తి. చిన్నప్పటినుంచీ ఉంది. నాటకాల్లో హాస్యగాడికి పెట్టే నత్తి కాదది, ఒక్క మాటని మూడుసార్లు తిప్పి జనాన్ని నవ్వించే రకం కాదు. మాట గొంతులోంచి బాగానే బయల్దేరుతుంది. పెదవుల దగ్గరికొచ్చి ఆగిపోతుంది. ప, బ, మ అనాలంటే పెదవులు రెండూ కలవాలి కదా, అవి కలుస్తాయి, ఇక విడిపోవు. మెడ మీద నరం ఉబ్బుతుంది. కళ్ళు పక్కకి పోతాయి. ఎదుటివాళ్ళు గడియారం వంక చూడకుండా ఉండడానికి నానా తంటాలూ పడతారు. కొందరు ఆ తంటాలూ పడరు.

అందుకని ఆయన ఒక విద్య నేర్చుకున్నాడు. నోటికి రాని మాట ఎదురైతే దాన్ని వదిలేసి, వచ్చే మాటతో సర్దుకుపోవడం. బేకరీలో బన్ను కావాలి. 'బ' దగ్గర ఆగిపోతానని ముందే తెలుసు. వెనక నలుగురు నిలబడి ఉన్నారు. "కేకు" అనేవాడు. ఆయనకి కేకంటే పడదు. అయినా పన్నెండేళ్ళు కేకే తిన్నాడు.

చేసే పని కూడా నోటితో అవసరంలేనిదే దొరికింది. కళ్ళజోళ్ళ షాపులో వెనకగది. ముందుభాగంలో షాపాయన నవ్వుతూ ఫ్రేములు పెట్టి చూపిస్తుంటాడు. గోడలో ఉన్న చిన్న కిటికీలోంచి ఒక ట్రే లోపలికి వస్తుంది. అందులో ఒక ఫ్రేము, రెండు గుండ్రటి అద్దాలు, నంబర్లు రాసిన చీటీ. ఆయన అద్దం మీద చూపు నిలిచే చోటుకి గుర్తుగా మూడు చుక్కలు పెట్టి, నీళ్ళు కారే సానచక్రం మీద అంచు అరగదీసి, ఫ్రేముని కాస్త వేడిచేసి, అద్దం కూర్చి, మర బిగించి అదే కిటికీలోంచి బయటికి తోస్తాడు. తొందరపడితే అంచు పెచ్చు లేస్తుంది. చుక్క కొంచెం పక్కకి పడినా పెట్టుకున్నవాళ్ళకి మెట్లు దిగుతుంటే కళ్ళు తిరుగుతాయి. ఇరవై రెండేళ్ళలో ఆయన చేతిలోంచి వెళ్ళిన జత ఒక్కటి కూడా తిరిగి రాలేదని షాపాయనే అందరికీ చెప్పుకుంటాడు.

ఇక ఆయన భార్య సంగతి. ఆవిడ ఒక డాక్టరుగారి క్లినిక్‌లో పేర్లు రాసుకుని చీటీలిచ్చే పని చేస్తుంది. మధ్యాహ్నం వెళ్తే రాత్రి ఎనిమిదికి ఇంటికి. వచ్చిన రోగి "ఇక్కడ..." అంటూ చెయ్యి పెట్టుకోగానే "నడుము నొప్పా? ఎన్నాళ్ళనుంచి, వారమా?" అని ఆవిడే అడిగి ఆవిడే రాసేసుకుంటుంది. నూటికి తొంభైసార్లు అది నిజమే అవుతుంది. మిగతా పదిమంది సంగతి డాక్టరుగారు చూసుకుంటారు.

పెళ్ళికి ముందు వాళ్ళిద్దరూ మొదటిసారి ఒక టీ హోటల్లో కూర్చున్నప్పుడు ఆవిడ అడిగింది, "ఖాళీ దొరికితే ఏం చేస్తుంటారు?" అని.

"ప..." అన్నాడాయన. అక్కడే ఆగాడు.

"పుస్తకాలు చదువుతారా?" అందావిడ.

ఆయన తలూపాడు. చేతిలో బరువు ఎవరో అందుకున్నట్టు ఎంత హాయిగా ఉందో చెప్పలేడు. నిజానికి ఆయన చెప్పబోయిన మాట 'పడుకుంటాను'. అప్పటికి ఆయన బడి వదిలాక పుస్తకం ముట్టిన పాపాన పోలేదు. పెళ్ళయ్యాక ఆవిడ ప్రతి శనివారం గ్రంథాలయం నుంచి రెండు పుస్తకాలు తెచ్చి ఆయన తలగడ పక్కన పెట్టేది. మొదట మొహమాటానికి చదివాడు. తర్వాత తర్వాత అవి లేకపోతే తోచని స్థితికి వచ్చాడు. దెయ్యాలు, మాయద్వీపాలు, మాట్లాడే కొండలు ఉన్న కథలైతే మరీను.

అప్పటినుంచి పంతొమ్మిదేళ్ళుగా ఆయన 'అ' అంటే ఆవిడ 'క్ష' దాకా వెళ్ళి వచ్చేది. ఫోన్లు ఆవిడే ఎత్తేది. కుళాయి బాగుచేసేవాడితోనూ, ఇంటి ఓనరుతోనూ, ఆయన సొంత మేనత్తతోనూ ఆవిడే మాట్లాడేది. నాలుగేళ్ళ క్రితం షాపాయన ఇంటికొచ్చి, రెండో షాపు తెరుస్తున్నాను, అక్కడ ముందు కూర్చుంటావా అని ఆయన్ని అడిగాడు. ఆయన ఇంకా ఊపిరి తీసుకుంటున్నాడు. "ఆయనకి వెనకగదే హాయండీ. జనంలో ఇబ్బంది పడిపోతారు" అని ఆవిడ చెప్పేసింది. షాపాయన టీ తాగి వెళ్ళిపోయాడు. అప్పుడు ఏం చెబుదామనుకున్నాడో ఆయనని ఎవరూ అడగలేదు. ఆవిడ ప్రేమతోనే చేసింది, అందులో నాకేం అనుమానం లేదు, ఆయనకీ లేదు. అందుకే పేచీ పెట్టుకోవడానికి కూడా వీలు లేకపోయింది.

ఇలాంటి మనిషి కంప్యూటర్లో ఒక ఆట మొదలుపెట్టాడు.

ఎవరో షాపు ఎత్తేస్తూ వదిలేసిన పాత కంప్యూటర్ ఒకటి పడగ్గది మూలన ఉండేది. అందులో ఆయన రెండేళ్ళుగా మాయాలోకాల కథలు రాసుకునేవాళ్ళ గుంపు ఒకటి చూస్తూ ఉన్నాడు. చదవడమే, ఒక్క అక్షరం రాసింది లేదు. ఆ గుంపులో ఆటలు నడుస్తుండేవి. బొమ్మలుండవు, చప్పుళ్ళుండవు, అంతా రాతే. ఒకరు ఆటపెద్దగా ఉండి, ఇదిగో ఇది ఫలానా దేశం, మీరు ఈ గుహ ముందు నిలబడ్డారు, లోపల ఏదో కదిలింది అని రాస్తారు. చేరినవాళ్ళు తలా ఒక వేషం కట్టుకుని, తమ వంతు వచ్చినప్పుడు తామేం చేశారో రాస్తారు. పాచిక వేస్తారు. ఏం జరిగిందో ఆటపెద్ద మళ్ళీ రాస్తాడు. ఒక్కో ఆట ఏళ్ళ తరబడి నడుస్తుంది.

చదవగా చదవగా ఆయనకీ చెయ్యి దురద పుట్టింది. సాయంత్రం ఆరుకి షాపు కట్టేస్తే, ఆవిడ వచ్చే ఎనిమిది దాకా ఇల్లంతా ఆయనదే. పదకొండు సాయంత్రాలు కూర్చుని మొదటి పేజీ రాశాడు. ఆటకి 'పొగమంచు పట్నం' అని పేరు పెట్టాడు. మొదటి వాక్యం ఇది: "పొగమంచు పట్నానికి దారి లేదు, పడవ ఉంది, పడవవాడు లేడు."

ఆ వాక్యాన్ని మీరొకసారి పైకి చదివి చూడండి. ఎన్ని 'ప'లున్నాయో. ఆ పేజీ అంతా అలాగే ఉంది. పర్వతాలు, బురుజులు, మబ్బులు, పాములు, మంత్రగాళ్ళు. నలభై ఐదేళ్ళు నోరు పలకనివ్వని మాటలన్నీ ఏరుకొచ్చి ఆయన ఆ దేశం కట్టుకున్నాడు. వేళ్ళకి నత్తి లేదు కదా. బన్ను అడగలేక కేకు తిన్న మనిషి, అక్కడ ఏ మాట కావాలంటే ఆ మాటే రాశాడు, ఒక్కదానికీ పక్కమాట పెట్టలేదు.

తర్వాత నియమాలు. ఒకటి, పాచిక వెయ్యకుండా ఎవరూ ఎవర్నీ చంపకూడదు. రెండు, ఆటలో గొడవ ఆటలోనే వదిలెయ్యాలి. మూడోది రాయడానికి ఆయనకి రెండు సాయంత్రాలు పట్టింది. "ఒకరి వంతులో ఇంకొకరు దూరకూడదు. రాసేవాళ్ళు చివర 'అయిపోయింది' అని చెప్పేదాకా ఆ వంతు వాళ్ళదే. ఎంతసేపైనా, ఎన్ని రోజులైనా మిగతావాళ్ళు ఆగాలి."

మొదటి మూడురోజులూ ఎవరూ రాలేదు. సానచక్రం దగ్గర కూర్చున్నా ఆయన మనసు అక్కడే. ఎందుకు పెట్టానురా బాబూ, పరువు పోతుంది అనుకున్నాడు. నాలుగోరోజు మందులమ్మ అని పేరు పెట్టుకున్న ఎవరో రాశారు. "పడవవాడు లేడన్నారుగా, నేను తెడ్డు వేస్తాను. వయసైపోయినదాన్ని, నెమ్మదిగా వేస్తాను. అయిపోయింది." ఆ 'అయిపోయింది' చూసి ఆయన కుర్చీలోంచి లేచి గదిలో రెండుసార్లు అటూ ఇటూ తిరిగాడు.

తర్వాత గొడ్డలి వచ్చాడు. పేరుకి తగ్గవాడే, పడవెక్కకుండానే ముగ్గుర్ని నరకబోయాడు. నియమాలు చదివి, "రాతలో మధ్యలో దూరేవాళ్ళెవరండీ? ఈ మూడోది ఎవరికోసం పెట్టారు?" అని అడిగాడు. ఆటపెద్ద ఆ ప్రశ్న దాటేసి కథ ముందుకి నడిపాడు. కానీ నెలలు గడిచేసరికి అందరికీ ఆ నియమమే ఎక్కువ నచ్చింది. సగం రాసి, పిల్లకి అన్నం పెట్టొస్తానని వెళ్ళి, వచ్చి మిగతాది రాసేవాళ్ళు. ఒకసారి మందులమ్మ ఒకే వంతు నాలుగు రోజులు రాసింది. ముసలి రాక్షసి కాలి పుండు కడుగుతున్న ఘట్టం అది. ఒకరోజంతా ఒక్క వాక్యమే రాసింది. ఎవరూ కదలలేదు. గొడ్డలి కూడా చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

అయిదు నెలల్లో ఇరవై ఆరుగురు చేరారు. ఆటపెద్దని అందరూ పెద్దాయన అనేవాళ్ళు. "పెద్దాయన మాట్లాడుతుంటే వింటూ ఉండాలనిపిస్తుంది" అని ఎవరో రాశారు. మాట్లాడుతుంటే అనే రాశారు. ఆయన ఆ వాక్యాన్ని షాపు చీటీ వెనక రాసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఆవిడకి మాత్రం ఆట సంగతి చెప్పలేదు. "ఏంటండీ, ఎప్పుడూ టకటకలాడిస్తారు, కథలు చదువుతున్నారా?" అని ఆవిడే అడిగింది, ఆయన తలూపాడు.

అంతా సవ్యంగా ఉంటే నేను చెప్పడానికి ఏముంటుంది. గుంపుని నడిపే పెద్దావిడ ఒకరోజు అన్ని ఆటల్లోనూ ఒక ప్రకటన పెట్టింది. ఈమధ్య ఒక ఆటపెద్ద ముప్ఫైమందిని కొండ అంచున నిలబెట్టి చెప్పాపెట్టకుండా మాయమైపోయాడట. ఇంకొక మహానుభావుడు మూడు పేర్లతో మూడు ఆటలు నడుపుతూ తనతో తానే పోట్లాడుకుంటున్నాడట. అందుకని ఇకమీదట ప్రతి ఆటపెద్దా నెలకోసారి జరిగే మాటల సభలో, అంటే అందరూ మైకులు పెట్టుకుని గొంతులతో కలిసేచోట, ఒక్కసారైనా వచ్చి తన ఆట గురించి నోటితో చెప్పాలి. రాకపోతే ఆ ఆట ఇంకొకరికి వెళ్తుంది.

నోరు పలకని మాటలతో కట్టుకున్న దేశం గురించి నోటితో చెప్పమంటున్నారు. తాను తవ్వుకున్న గోతిలో తానే పడ్డాడు.

మొదటి నెల మైకు పాడైందని రాశాడు. రెండో నెల గొంతు పట్టేసిందన్నాడు. మూడో నెల పెద్దావిడ మర్యాదగానే రాసింది. "ఈ ఆదివారం నాలుగు గంటలకి ఆఖరి అవకాశం. లేకపోతే పొగమంచు పట్నం గొడ్డలి గారికి ఇస్తాం. ఆయన సరేనన్నారు." దాని కింద గొడ్డలి రాశాడు. "మీకు కుదరకపోతేనే పెద్దాయనా. నాకేం తొందర లేదు." వాడి మనసులో కల్మషం లేదు. అది ఆయనకి ఇంకా కష్టంగా తోచింది.

నత్తి ఉందని రాసి పడేస్తే పోయేదిగా అని మీరంటారు. అనడం తేలికే. ఆ ఒక్కచోటే ఆయన మాట తడబడని మనిషి. ఆ సంగతి రాసిన మరునిమిషం నుంచి ఆయన ప్రతి వాక్యాన్నీ పాపం అనుకుంటూ చదువుతారు. ఆట పోయినా ఒకటే, అది జరిగినా ఒకటే.

ఆయన ఇంకో లెక్క వేసుకున్నాడు. ఒక్కడే ఉన్నప్పుడు ఆయనకి నత్తి లేదు. వెనకగదిలో తలుపేసుకుని, చక్రం చప్పుడులో, "పొగమంచు పట్నానికి దారి లేదు, పడవ ఉంది, పడవవాడు లేడు" అని గడగడా అనగలడు. తొమ్మిదిరోజులు అన్నాడు. సభలో మాత్రం ఎవరి మొహమైనా కనిపిస్తుందా ఏమిటి, గదిలో ఉండేది నేనొక్కడినే కదా, ఆ ఒక్క వాక్యం అంటే చాలు అనుకున్నాడు. అది పిచ్చి లెక్క. వినేవాళ్ళున్నారని తెలిస్తే చాలు, గదిలో ఒంటరిగా ఉన్నా ఒంటరితనం ఉండదు. నలభై ఐదేళ్ళు నత్తితో బతికినవాడికి ఆ మాత్రం తెలియదా? తెలుసు. ఆశ మనిషిచేత అంత పని చేయిస్తుంది.

ఆదివారం మధ్యాహ్నం ఆవిడ వాళ్ళక్క ఇంటికి వెళ్ళింది. ఆయన వాక్యాన్ని పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి కంప్యూటర్ ముందు పెట్టుకున్నాడు. గ్లాసుతో నీళ్ళు పెట్టుకున్నాడు. కిటికీ మూశాడు. నాలుగింటికి మైకు పెట్టుకున్నాడు.

"నమస్కారం పెద్దాయనా" అని పెద్దావిడ గొంతు. "మందులమ్మనండీ" అని ఇంకో గొంతు, అనుకున్నదానికంటే చాలా ముసలిది. "గొడ్డలి" అని ఒక లేత గొంతు, నిండా ఇరవై ఏళ్ళుంటాయో లేదో. ఇరవై ఆరుగురూ వచ్చారు.

"చెప్పండి" అంది పెద్దావిడ.

ఆయన పెదవులు కలిశాయి. విడిపోలేదు. అర నిమిషం. నిమిషం. "వినిపిస్తోందాండీ?" అని ఎవరో అన్నారు. "పొ..." అని వచ్చింది, మళ్ళీ మూసుకుపోయింది. "పొ... పొ..."

"పొగమంచు ప..." అని గొడ్డలి సాయం రాబోయాడు.

తెర మీద రాతలో ఒక వాక్యం పడింది. మందులమ్మ రాసింది. "మూడో నియమం."

గొడ్డలి ఆగిపోయాడు. అందరూ ఆగిపోయారు. ఎవరూ దగ్గలేదు, ఎవరూ కుర్చీ కదపలేదు. ఇరవై ఆరుమంది ఊరుకున్న నిశ్శబ్దం ఎలా ఉంటుందో ఆయన జీవితంలో మొదటిసారి విన్నాడు. వాళ్ళకి అర్థమైపోయింది. అర్థమయ్యీ ఆగారు. రెండు నిమిషాలు గడిచాక "పొగమంచు" అన్నాడు. అన్నాడండీ, మొత్తం మాట. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఇక రెండో మాట. "ప... ప..."

ఆవిడ వాళ్ళక్క ఇంటికి తాళం ఉండి వెనక్కి వచ్చేసిందని ఆయనకి తెలియదు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఆవిడ ఆ 'ప... ప...' విన్నది. పంతొమ్మిదేళ్ళుగా ఆ చప్పుడు వినగానే లేచే ప్రాణం ఆవిడది. ఎవరో ఫోన్లో ఆయన్ని నిలదీస్తున్నారనుకుంది. పరుగున వచ్చింది. ఆయన మెడ నరం చూసింది, ఎదురుగా కాగితం చూసింది. వంగి, ఆయన భుజం మీద చెయ్యేసి, మైకులోకి స్పష్టంగా చదివేసింది.

"పొగమంచు పట్నానికి దారి లేదు; పడవ ఉంది, పడవవాడు లేడు. ఇదేనండీ ఆయన చెప్పాలనుకుంటున్నది. ఆయనకి కాస్త మాట తడబడుతుంది, ఏమీ అనుకోకండి."

అవతలనుంచి పెద్దావిడ, "సరేనండీ, సంతోషం. ఇంట్లో ఇద్దరూ కలిసి చూసుకుంటున్నారన్నమాట. ఆట మీకే ఉంటుంది" అంది. ఆయన మీట నొక్కి కంప్యూటర్ ఆపేశాడు.

"ఎవరండీ వాళ్ళు? పాపం, ఎంతసేపటినుంచి కూర్చున్నారో" అందావిడ ఆయన నుదురు తుడుస్తూ. "పోన్లెండి, పని అయిపోయిందిగా."

ఆట మిగిలింది. ఆయనకి మిగిలిందేమీ లేదు. ఇంకొక్క రెండు నిమిషాలిస్తే ఆ వాక్యం తనే పూర్తిచేసేవాడు. చెయ్యగలిగేవాడో లేడో అది వేరే సంగతి, ఆ రెండు నిమిషాలూ ఆయనవి. అవి ఇక రావు. ఆవిడ మీద కోపం వచ్చింది, ఆ కోపానికి సిగ్గేసింది, సిగ్గేసినందుకు మళ్ళీ కోపం వచ్చింది.

ఆ రోజునుంచి కంప్యూటర్ ముట్టుకోలేదు. "నిద్ర పట్టడం లేదా?" అని ఆవిడ అడిగేది, తలూపేవాడు. "షాపులో పని ఎక్కువైందా?" తలూపేవాడు. ఆవిడ అడిగే ప్రతి ప్రశ్నలోనూ జవాబు ముందే ఉంటుంది, తల ఒక్కటి ఊపితే చాలు. ఆరోరోజు కిటికీలోంచి ఒక ట్రే వెనక్కి వచ్చింది. ఎవరో టీచరమ్మ కళ్ళజోడు, పెట్టుకుంటే తల తిరుగుతోందట. ఇరవై రెండేళ్ళలో మొదటిది. షాపాయన కిటికీలోంచి ఒకసారి లోపలికి తొంగిచూసి వెళ్ళిపోయాడు.

పదకొండోరోజు సాయంత్రం కంప్యూటర్ పెట్టాడు. 'ఆట గొడ్డలికి అప్పగిస్తున్నాను' అని ఒక్క వాక్యం రాసి సెలవు తీసుకుందామని. ఈపాటికి వాళ్ళే కథ ముందుకి లాగేసి ఉంటారు, లేదా తలో దారీ పట్టి ఉంటారు, నన్ను చూసి జాలిపడి నాలుగు మాటలు రాసి ఉంటారు అనుకున్నాడు.

పేజీ తెరుచుకుంది. ఆ ఆదివారం తేదీ కింద మందులమ్మ రాసింది ఉంది. "పెద్దాయన వంతు నడుస్తోంది. ఆయన ఇంకా 'అయిపోయింది' అనలేదు. ఎవరూ రాయకండి."

దాని కింద ఎవరూ ఒక్క అక్షరం రాయలేదు. జాలి లేదు, ఓదార్పు లేదు, ఏమైందన్న ప్రశ్న లేదు. పేజీ చూసి వెళ్ళినవాళ్ళ లెక్క పక్కన కనిపిస్తుంది. ఇరవై ఆరుగురూ రోజూ వచ్చి, చూసి, ఊరికే వెళ్తున్నారు. గొడ్డలైతే రోజుకి నాలుగుసార్లు.

ఆయన ఏడ్చాడు. కాసేపయ్యాక మొహం కడుక్కున్నాడు. ఏమీ రాయకుండానే కంప్యూటర్ ఆపి, వంటింట్లోకి వెళ్ళి బల్ల దగ్గర కూర్చున్నాడు. రాయడానికి ముందు ఇంకొకచోట తన వంతు ఒకటి బాకీ ఉందని ఆయనకి తోచింది.

ఎనిమిదింటికి ఆవిడ వచ్చింది. సంచీ కింద పెట్టి, పాలు స్టవ్ మీద పెట్టింది.

"కూర్చో" అన్నాడు.

"టీ కావాలా? పెడుతున్నా. తలనొప్పా?"

ఆయన అరచెయ్యి ఎత్తాడు, ఆగమన్నట్టు. పంతొమ్మిదేళ్ళలో ఆవిడ ముందు ఆ చెయ్యి అలా లేవలేదు. ఆవిడ స్టవ్ పక్కనే నిలబడిపోయింది.

చెప్పడం మొదలుపెట్టాడు. ఆట అన్నాడు, పొగమంచు పట్నమన్నాడు, మందులమ్మ అన్నాడు. ఒక్కో 'ప' దగ్గరా 'మ' దగ్గరా ఎంతసేపు ఆగాడో నేను లెక్కపెట్టను, మీరూ పెట్టకండి. పక్కమాటలతో సర్దుకోలేదు, అదే మాటని పట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ పెదవులు ఆయన మాట కంటే ముందే కదిలేవి. రెండుసార్లు అందించబోయింది, రెండుసార్లూ ఆ చెయ్యి లేచింది. తర్వాత ఆవిడ తన నోటికి తనే చెయ్యి అడ్డం పెట్టుకుంది. పాలు పొంగొస్తే చూడకుండానే మంట తగ్గించింది. మూడో నియమం చెప్పాడు. పదకొండురోజులుగా వాళ్ళు ఆగి ఉన్నారని చెప్పాడు.

"ఆ టీ హోటల్లో..." అన్నాడు. "నేను చెప్పబోయింది పు... పుస్తకాలని కాదు. ప... ప... పడుకుంటానని."

ఆవిడకి ముందు నవ్వొచ్చింది. "పడుకుంటారా?" అని పైకే నవ్వింది. నవ్వు సగంలో ఆగిపోయింది. గోడవైపు చూస్తూ నిలబడింది, లోపల ఏదో వెనక్కి లెక్కపెట్టుకుంటున్నట్టు.

"మరి షాపాయన వచ్చినప్పుడు?" అంది నెమ్మదిగా. "కౌంటరు దగ్గర కూర్చుంటావా అన్నప్పుడు. మీరేం అందామనుకున్నారు?"

ఆ మాట ఇంకా ఆయనకే దొరకలేదేమో.

"అంటే ఇన్నాళ్ళూ మీ నోట్లో మాట నేను లాగేసుకున్నానా?"

ఆయన నోరు తెరిచాడు. 'అ' దగ్గర ఎప్పుడూ ఆగే మనిషి కాదు, ఆ పూట అక్కడా ఆగాడు. జవాబు ఆవిడ నాలుక చివరే ఉంది. 'లేదులే, నువ్వు నా మంచికే చేశావు' అని. ఇన్నేళ్ళూ ఆయన తరఫున ఆవిడే తనకి తాను చెప్పుకున్న జవాబు అది. ఇప్పుడూ చెప్పుకుంటే ఆయన తలూపేస్తాడు, ఈ పూట గడిచిపోతుంది. ఆవిడకి ఆ సంగతి తెలుసు. నోటి మీద చెయ్యి ఇంకా గట్టిగా నొక్కుకుంది.

"అ... అవును" అన్నాడాయన.

ఆవిడ కళ్ళు నిండాయి. పాలు సన్నగా మరుగుతున్నాయి.

"అయిపోయిందా?" అంది.

"ఇంకా లేదు" అన్నాడు.

ఆవిడ స్టవ్ ఆపేసి, కుర్చీ ఆయన ఎదురుగా లాక్కుని కూర్చుంది.